వీపు వెనక పిడికిలి

మా ఆయన మొహం కన్నా వీపే తనకు బాగా తెలుసని మా మరిది అంటూ ఉండేవాడు. అది నిజమే. పద్నాలుగేళ్ళు వాళ్ళిద్దరూ జంటగా టెన్నిస్ ఆడారు. మరిది వెనక గీత దగ్గర నిలబడి సర్వీస్ చేస్తుంటే, మా ఆయన ముందు, నెట్‌కి దగ్గరగా, అతనికి వీపు పెట్టి నిలబడేవారు. ఎడమ చెయ్యి నడుము వెనక్కి పెట్టి, అవతలి జంటకు కనపడకుండా గుర్తు చూపించేవారు. ఆ గుర్తు చూశాకే మరిది బంతి ఎగరేసేవాడు.

మరిది అంటే రక్తసంబంధం ఏమీ లేదు. మా పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం ఆయన వెంట వచ్చి, ద్వారబంధం తగలకుండా తల వంచి లోపలికి అడుగు పెడుతూనే, "వదినా, ఆకలేస్తోంది" అన్నాడు. ఆ రోజుతో వరస కుదిరిపోయింది.

"ఏడాదిలో ముప్పై వారాలు మీ అన్నయ్య నీతోనే కాపురం చేస్తున్నారయ్యా. నా దగ్గరికి చుట్టపుచూపుగా వస్తున్నారు" అనేదాన్ని.

"ఏం కాపురం వదినా! ఆ గురక భరించలేక చస్తున్నాను. మీ మనిషిని మీరు తీసేసుకోండి, నాకు పుణ్యం ఉంటుంది" అనేవాడు.

మా ఆయన నవ్వుతూ కంచం ముందుకు జరుపుకునేవారు.

ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా ఆయన ఒంటరిగానే ఆడి చూశారట. "అంత పెద్ద కోర్టులో నేనొక్కడినే ఏం చెయ్యాలో తోచేది కాదు టీచరమ్మా" అని నాతో చెప్పారు. ఆ తరవాత డబుల్స్ తప్ప ఇంకేమీ ఆడలేదు. డబుల్స్ మాత్రమే ఆడేవాళ్ళను రోడ్డు మీద ఎవరూ గుర్తుపట్టరు. వాళ్ళ ఆటలు చివరి కోర్టుల్లో, పక్కన రైలు పట్టాలో వాహనాలు నిలిపే స్థలమో ఉన్నచోట జరుగుతాయి. చూసేవాళ్ళు పాతికమంది ఉంటే, అందులో సగం మంది నీడ వెతుక్కుంటూ వచ్చి కూర్చున్నవాళ్ళు. పేపర్లో ఫలితాలు వేస్తే అన్నిటికన్నా అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో వేస్తారు. పదకొండు చిన్న పోటీలు గెలిచారు. గెలిచినప్పుడల్లా ఒక గాజు గిన్నె తెచ్చేవారు. వాటిలో ఒకదానిలో నా ఎర్ర పెన్నులు ఉంటాయి.

నేను బడిలో భూగోళం చెబుతాను. గోడ మీద పటంలో కర్ర పెట్టి పిల్లలకు చూపించే ఊళ్ళు చాలావరకు ఆయన తిరిగి వచ్చినవే.

"ఆ ఊరి మధ్యలో పెద్ద నది ఉంటుంది కదండీ, ఎలా ఉంది?" అని అడిగేదాన్ని ఆశగా.

"నదా?" అని కాసేపు ఆలోచించేవారు. "బస్సు కిటికీకి పరదా ఉంది టీచరమ్మా. కోర్టు మాత్రం బాగుంది. బంతి కాస్త తక్కువ ఎగురుతుంది."

ప్రపంచమంతా ఆయనకు అలాగే తెలుసు. ఒక చోట బంతి తక్కువ ఎగురుతుంది, ఒక చోట గాలి ఎడమ నుంచి వస్తుంది, ఒక చోట సాయంత్రం నాలుగు దాటితే నీడ నెట్ మీదికి పాకుతుంది. ఆ సంగతులు వింటూ నిద్రపోతే, నా కలల్లో పటాల మీద ఊళ్ళు ఉండేవి కాదు. నీడలు, గాలులు మాత్రమే ఉండేవి.

ఇక గుర్తుల సంగతి. అందరూ వాడేది ఒకటే. నెట్ దగ్గరి మనిషి వీపు వెనక పిడికిలి బిగిస్తే, ఉన్నచోటే ఉంటానని. అరచెయ్యి తెరిచి చూపిస్తే, అవతలి సగంలోకి దాటుతున్నానని. ముందు మనిషి అటు దాటితే, వెనక మనిషి అతను ఖాళీ చేసిన వైపుకి పరుగెత్తాలి. లేకపోతే సగం కోర్టు దిక్కులేనిదై పోతుంది. ఎనిమిదేళ్ళ కిందట ఎవరో ఒక కోచ్ కోర్టు వెనక కూర్చుని వీళ్ళ గుర్తులు చదివి, తన వాళ్ళకు దగ్గుతూ చేరవేశాడు. ఆ సాయంత్రం బస్సులోనే మా ఆయన గుర్తులు తిరగేశారు. పిడికిలి అంటే వెళ్తున్నానని. అరచెయ్యి అంటే ఉంటానని. అప్పటి నుంచీ అదే. లోకంలో ఆ తిరగేసిన సంగతి ముగ్గురికే తెలుసు. మూడో మనిషిని నేను.

నాకెందుకు చెప్పారంటే, ఇంట్లోనూ అవే వాడుకునేవాళ్ళం. మా బడి వార్షికోత్సవంలో హెడ్‌మాస్టరు గారు ఉపన్యాసం మొదలుపెట్టగానే, ముందు వరసలో నిలబడిన మా ఆయన వీపు వెనక మెల్లగా పిడికిలి బిగుసుకునేది. నేను నవ్వు ఆపుకుంటూ గేటు వైపు జరిగేదాన్ని. చుట్టాలు వచ్చి, ఈ పూట ఉంటావా ప్రాక్టీసుకి పోతావా అని వాళ్ళమ్మ అడిగితే, ఆవిడకు సమాధానం చెప్పేలోగానే నాకు అరచెయ్యి కనపడేది. ఆ రోజు వంట ఎంత చెయ్యాలో దాన్నిబట్టే తెలిసేది.

ఆయన పోయిన ఏడో నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మరిది వచ్చాడు. రాకెట్ల సంచీ భుజానే ఉంది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"టీ తాగుతావా?"

"మీరు తాగితే తాగుతాను."

టీ పెట్టి తెచ్చాను. కొత్త జతగాడు ఎలా ఉన్నాడని అడిగాను. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, బలంగా ఆడతాడని పేరు. ఒక్క క్షణం నోరు మూయడని, మరిది అతనికి రేడియో అని పేరు పెట్టాడు.

"మంచివాడే వదినా. అన్నయ్య ఏడాదికి మాట్లాడేది వాడు టాస్ వేసేలోపు మాట్లాడేస్తాడు. ఆట కూడా బాగుంది. తేడా నాలోనే ఉంది." కప్పు చేతిలో తిప్పుతూ చెప్పాడు. "వాడు అందరిలాగానే గుర్తులు చూపిస్తాడు. నాకు తెలుసు, పిడికిలి అంటే ఉంటాడని. తెలిసీ, పిడికిలి కనపడగానే కాళ్ళు అటు పరుగెడతాయి. ఇద్దరం ఒకే వైపు చేరి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటాం. రెండో సగం ఖాళీ. ఆరు మ్యాచ్‌లు ఓడిపోయాం."

"నేర్చుకోవాలి కదయ్యా."

"ముప్పై ఏడేళ్ళు వచ్చాయి వదినా. కాళ్ళు నా మాట వింటే కదా." కప్పు పక్కన పెట్టాడు. "రేపు కాక పై సోమవారం మన ఊళ్ళోనే పోటీ. అందులో రెండు మ్యాచ్‌లు గెలిస్తే నా ర్యాంకు నిలుస్తుంది, వచ్చే ఏడాదికి చోటుంటుంది. లేకపోతే ఇంతటితో సరి. అందుకని ఒకటి అడుగుదామని వచ్చాను. అన్నయ్య గుర్తులు వాడికి నేర్పనా?"

నేను పేపర్ల కట్ట సరిచేసుకున్నాను.

"అవి అన్నయ్యవి. ఇంట్లో మీవి కూడా. అడక్కుండా ఎలా నేర్పుతాను?" అన్నాడు.

"వద్దు" అన్నాను.

ఎందుకని అతను అడగలేదు. "సరే వదినా" అని, అప్పటికి చల్లారిపోయిన టీ చివరి చుక్క దాకా తాగి, కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు.

కారణం చెప్పి ఉండాల్సింది. ఆస్పత్రిలో ఆయన పదకొండు రోజులున్నారు. గొంతులో గొట్టం ఉండటం వల్ల మాట లేదు. రోజూ పొద్దున నేను లోపలికి వెళ్ళేసరికి, దుప్పటి పక్కన ఎడమ చెయ్యి కదిలి అరచెయ్యి తెరుచుకునేది. ఉంటానని. నర్సు ఒకామె ఆయన చెయ్యి పట్టుకోమంటున్నారని అనుకుని నన్ను దగ్గరికి పిలిచేది. నేను పట్టుకునేదాన్ని. పదకొండో రోజు పొద్దున పిడికిలి బిగించారు. నర్సు నొప్పేమోనని వేళ్ళు ఒక్కొక్కటే విప్పాలని చూసింది. విప్పవద్దని నేను చెప్పలేదు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

ముందు మనిషి అటు దాటితే వెనక మనిషి ఎటు రావాలో ఆటలో ఉంది. నాకు మాత్రం ఎటు జరగాలో ఇప్పటికీ తెలియలేదు. ఆయన నాతో చెప్పిన ఆఖరి మాట ఆ పిడికిలి. దాన్ని ఇంకొకరి వీపు వెనక చూడటం నా వల్ల కాదనుకున్నాను.

ఆ వారం ఒకే కల రెండుసార్లు వచ్చింది. మా తరగతి గది. బెంచీల మీద పిల్లలు లేరు. గది మధ్యలో నెట్ కట్టి ఉంది. దాని దగ్గర ఆయన, నాకు వీపు పెట్టి. నా చేతిలో బంతి ఉంది, మెత్తగా, కోడిపిల్లలా వెచ్చగా. ఆయన చెయ్యి వెనక్కి వస్తుందని చూస్తున్నాను. కిటికీల్లోంచి తెల్లటి వెలుతురు నేల మీద నీళ్ళలా పరుచుకుంటోంది. చెయ్యి రావడం లేదు. అది రాకుండా బంతి ఎగరేయకూడదని నాకు తెలుసు. అలా నిలబడే ఉన్నాను, గంట మోగేదాకా. మేలుకుంటే అది పాలవాడి సైకిల్ గంట.

బుధవారం మూడో పీరియడ్ నాకు ఖాళీ. వేరే ఊళ్ళో వాళ్ళ మ్యాచ్ ఉందని తెలిసి, స్టాఫ్‌రూమ్‌లో ఫోన్‌లో పెట్టుకుని చూశాను. పక్కన సైన్సు టీచరు కూడా కుర్చీ జరుపుకుని చేరింది.

రేడియో వీపు వెనక అరచెయ్యి తెరిచాడు. దాటుతానని అతని లెక్క. మరిది కాళ్ళకు మాత్రం, ఉంటాడనే. నడిమి గీత మీదికి బలంగా సర్వీస్ కొట్టాడు. రేడియో అప్పటికే అటు కదిలాడు. బంతి సరిగ్గా అతని రెండు భుజాల మధ్య ఠప్పుమని తగిలింది.

"అయ్యయ్యో, కొట్టింది వీళ్ళ మనిషే కదా?" అంది సైన్సు టీచరు. "ఇందులో అది కూడా పాయింటేనా?"

నాకు నవ్వొచ్చింది. ఏడు నెలల్లో మొదటిసారి, పైకి వినపడేలా. ఆవిడ నా వంక చూసి, తన పుస్తకాలు సర్దుకుంది.

తరవాత నేను చూసింది వేరే. మరిది మళ్ళీ సర్వీస్‌కి నిలబడ్డాడు. రేడియో వీపు వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. కెమెరా దగ్గరికి వచ్చింది. అతని పెదవులు కదులుతున్నాయి. తెరిస్తే దాటడం, మూస్తే ఉండటం. తెరిస్తే దాటడం, మూస్తే ఉండటం. ఎక్కం మరిచిపోయిన పిల్లలు పరీక్షలో అలాగే పెదవులు కదుపుతారు. వాళ్ళను నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆ పెదవులు చూస్తే నాకు దిద్దబుద్ధి కాదు. ఆలస్యమవుతోందని అంపైర్ హెచ్చరించాడు. మరిది తల వంచి చెయ్యెత్తి క్షమాపణ చెప్పాడు. ఆ ఆట కూడా పోయింది.

సాయంత్రం ఫోన్ చేశాను.

"ఏమయ్యా, రేడియో వీపు ఎలా ఉంది?"

"చూశారా వదినా?" అన్నాడు నీరసంగా.

"మా సైన్సు టీచరు కూడా చూసింది. అది పాయింటేనా అని అడుగుతోంది."

"వాడూ అదే అడిగాడు."

"శనివారం పొద్దున కోర్టు దొరుకుతుందా? అతన్ని కూడా రమ్మను."

"వదినా, నా మొహం చూసి మీరు మొహమాటానికి..."

"ఎన్నింటికి?"

"ఆరింటికి."

ఆ సోమవారం పోటీలో ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. రెండు మ్యాచ్‌లు గెలిచి మూడోదాంట్లో ఓడిపోయారు. మరిదికి ఇంకో ఏడాది దొరికింది. శనివారం నాటికి అదేమీ మాకు తెలియదు.

రాత్రి వాన కురిసి వెలిసింది. నేను వెళ్ళేసరికి కోర్టుల మీద మంచు పొగలా తేలుతోంది. పక్క కోర్టు కనపడటం లేదు, అక్కడ ఎవరో ఆడుతున్న బంతి చప్పుడు మాత్రం వినపడుతోంది. మరిది ఒక్కడే చీపురుతో నీళ్ళు తోస్తున్నాడు. రేడియో ఇంకా రాలేదు. అతను రాకముందే చెప్పాలనుకున్నాను.

"ఆస్పత్రిలో ఆఖరి రోజు మీ అన్నయ్య పిడికిలి చూపించారు."

మరిది చీపురు ఆపాడు. నా వంక చూడలేదు. తరవాత కిందికి వంగి బూటు తాడు విప్పి కట్టుకున్నాడు. మళ్ళీ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "అయితే వద్దు వదినా, మనం ఇంటికి పోదాం" అన్నాడు వంగే ఉండి.

"పొద్దున్నే లేచి వచ్చానయ్యా. నేర్పే పోతాను."

అంతలో రేడియో వచ్చాడు. "నమస్తే మేడమ్. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి, ఈ మంచులో గేటు కనపడక రెండుసార్లు చుట్టూ తిరిగాను. నా వీపు చూస్తారా? మీ భూగోళం పాఠానికి పనికొస్తుంది, ఎర్రగా ఒక ఖండం లేచింది."

"నోరు కట్టెయ్ కాసేపు" అన్నాడు మరిది.

గుర్తు వెనక నుంచి ఎలా కనపడుతుందో రేడియో ముందు చూడాలి. కాబట్టి అతను మరిది పక్కన, వెనక గీత దగ్గర నిలబడ్డాడు. నెట్ దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. నేను నిలబడ్డాను.

అంతకు ముందు ఎప్పుడూ ఆ చోట నిలబడలేదు. నెట్ నేను అనుకున్నదానికన్నా ఎత్తుగా ఉంది. దాని తెల్లటి పట్టీ తడిసి, అంచున చుక్కలు వేలాడుతున్నాయి. అవతల సగం మంచులో కరిగిపోయి, లేనట్టే ఉంది. వెనక వాళ్ళేం చేస్తున్నారో నాకు కనపడదు. పద్నాలుగేళ్ళు ఆయన చూసింది ఇదే కాబోలు. ముందు తెలుపు, వెనక నుంచి ఒక మనిషి ఊపిరి.

ఎడమ చెయ్యి వెనక్కి పెట్టాను. అరచెయ్యి తెరిచాను.

"ఇది ఉంటానని" అన్నాను, తల తిప్పకుండా.

వెనక బంతి రెండుసార్లు నేలకు తగిలిన చప్పుడు. తరవాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలోనే బంతి పైకి వెళ్ళి ఉంటుంది. ఠంగుమని తీగల చప్పుడు, నా చెవి పక్కగా ఏదో పిట్ట ఎగిరిపోయినట్టు గాలి. బంతి అవతలి గడిలో పడి మంచులోకి వెళ్ళిపోయింది. నాకు భయం వేయలేదు. తగలదని వీపుకి ముందే తెలిసినట్టు అనిపించింది.

పిడికిలి బిగించాను. గోళ్ళు అరచేతిలో దిగాయి.

"ఇది వెళ్తున్నానని."

ఈసారి బంతి చప్పుడు వెంటనే రాలేదు. నేను పిడికిలి అలాగే ఉంచాను. పిల్లలు రాసుకునేదాకా బోర్డు మీద వేలు అలాగే పెట్టి నిలబడతాను కదా, అలాగ. చివరికి బంతి వచ్చింది, చెవి పక్కగా వెళ్ళింది. వెళ్తున్నానని చెప్పినదాన్ని కనక నేను అటు దాటాను, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, నాలుగంటే నాలుగు అడుగులు. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మరిది అప్పటికే నేను వదిలిన వైపుకి వచ్చి నిలబడ్డాడు.

"వెంటనే వచ్చేశాడు మేడమ్!" అన్నాడు రేడియో. "నాతో ఆడేటప్పుడు ఈ కాళ్ళు ఎక్కడ దాచుకున్నావన్నా?"

అతని వంతు వచ్చింది. నెట్ దగ్గర నిలబడ్డాడు. నేను వెనక గీత దగ్గరికి, మరిది పక్కకి వచ్చాను. మంచులో అతని వీపు వెడల్పుగా, ఎవరి వీపైనా కావచ్చన్నట్టు ఉంది. ఎడమ చెయ్యి వెనక్కి వచ్చింది. పిడికిలి బిగిసింది.

ఉంగరపు వేలు ముడుచుకోలేదు. మిగతా వేళ్ళ మధ్య నుంచి వంకరగా, కొక్కెంలా పొడుచుకుని ఉంది.

"సరిగా పట్టు. మ్యాచ్‌ల్లో ఎలా పట్టినా ఊరుకున్నాను. ఇది అన్నయ్య గుర్తు, నాలుగు వేళ్ళూ ముడవాలి" అన్నాడు మరిది.

"ముడుచుకోదన్నా. పద్దెనిమిదో ఏట విరిగింది, ఇలాగే అతుక్కుంది. కుడి చేత్తో రాకెట్ పట్టుకుంటాను కదా, దీంతో పనేముందిలే అని వదిలేశాను."

మరిది నా వంక చూశాడు. నేను నెట్ దాకా నడిచి వెళ్ళి, రేడియో వెనక నిలబడి, ఆ చెయ్యి పట్టుకున్నాను. పనిచేసే చెయ్యి, వెచ్చగా ఉంది. ఆ వేలిని ముడవాలని మెల్లగా నొక్కి చూశాను. కదల్లేదు. ఇంకొంచెం నొక్కితే నొప్పి పెడుతుంది. అతను, వింతగా, ఒక్క మాట కూడా మాట్లాడకుండా నిలబడ్డాడు.

ఎలా తిప్పి చూసినా అది ఆయన పిడికిలిలా లేదు.

వేలు వదిలేశాను.

"ఇలాగే పట్టు నాయనా" అన్నాను. "దూరానికి ఇంకా బాగా తెలుస్తుంది."

"నిజంగానా మేడమ్? మరి అన్న సరిగా పట్టమంటున్నాడు."

"అన్న నేర్చుకుంటాడు."

పక్కకి వచ్చి, కోర్టు బయట, తడిసిన బెంచీ దగ్గర నిలబడ్డాను. మంచు పలచబడుతోంది. అవతలి సగం కొద్దికొద్దిగా తేలుతోంది, ముందు గీతలు, తరవాత నేల రంగు. మరిది బంతి రెండుసార్లు నేలకు కొట్టి, ఆ వంకర వేలు పొడుచుకున్న పిడికిలి వంక చూశాడు. ఈసారి పెదవులు కదల్లేదు. బంతి ఎగరేశాడు. రేడియో అటు దాటాడు. మరిది ఇటు వచ్చాడు.

"ఇంకోసారి" అన్నాను నేను, బడిలో అన్నంత గట్టిగా.